మూత తీసేటప్పుడు మాట్లాడకండి, టీచర్

పెనుకొండ,
జూన్ 8, 2025

చిరంజీవి ప్రత్యూషకు,

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఉత్తరాన్ని అబద్ధంతో మొదలుపెట్టడం నాకు చేతకాదు. మీ తాత క్షేమం, ఇల్లు క్షేమం. నా మూత్రపిండాలు రెండూ మాత్రం అర్జీ పెట్టకుండా సెలవు మీద వెళ్ళిపోయాయి. హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్ళూ అలాంటి సెలవు ఒక్కరికీ మంజూరు చేయని మనిషిని. చివరికి నా ఒంట్లోవాళ్ళే నా మాట వినలేదు.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "ఊఁ అవ్వా, ఊఁ అవ్వా" అంటూ అవతల కూరగాయలు తరుగుతుంటావు. కాగితం మీద ఊఁ కొట్టలేవు. కాబట్టి నేను రాస్తాను, నువ్వు జవాబు రాయి. నర్సుల చేతిరాత ఎలా ఉంటుందో నాకు తెలుసు. నెమ్మదిగా రాయి.

ఇక విషయం. డయాలసిస్ కోసం నా మెడకు కుడివైపు ఒక గొట్టం పెట్టారు. అది చర్మం కింద నుంచి వచ్చి ఛాతీ మీద బయటపడుతుంది. కొసన రెండు పాయలు, ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నీలం మూత. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే మీ తాత నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, గ్యాసు పొయ్యి మాదిరి రెండు బర్నర్లు పెట్టించుకొని వచ్చినావే!" అన్నాడు. ఎడమచేతిలో నరాన్నీ ధమనినీ కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారట. ఆ నరం ముదిరి సూదులకు ఓర్చుకునేదాకా ఈ గొట్టమే ఆధారం.

వారంలో మూడు రోజులు మీ తాతా నేనూ రైలెక్కి ధర్మవరం వెళ్ళి వస్తున్నాం. అక్కడి డయాలసిస్ యూనిట్ ఇన్‌చార్జి సిస్టర్ ఎవరనుకున్నావు? సుమయ్య! నా బడిలో, నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకుంది. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. పక్క మంచం మీద పోతులయ్య అని ఒకాయన ఉన్నాడు, రైతు. "ఏమప్పా, ఈడ రోగి ఎవరు, సిస్టర్ ఎవరు?" అని అందరినీ అడిగాడు.

నాకు గర్వంగా ఉంది. దాచను. గొట్టం మూతలు తీసి మిషన్‌కు కలిపే ఆ కాసేపూ మేమిద్దరం పాత ముచ్చట్లు చెప్పుకుంటాం. అంటే నేను చెబుతాను, ఆమె వింటుంది.

మీ అవ్వ,
కమలాక్షి


హిందూపురం,
జూన్ 15

ప్రియమైన అవ్వకు,

కూర్చుని, నెమ్మదిగా, కూరగాయలు దగ్గర లేకుండా రాస్తున్నాను.

నా సంగతి ముందు చెబుతాను. మా ఆసుపత్రిలో నన్ను ఐసీయూ నుంచి తీసి ఇన్‌ఫెక్షన్ నివారణ నర్సుగా వేశారు. పేరు గొప్పది. పని ఏమిటంటే, ఎవరు చేతులు కడుక్కోలేదో కనిపెట్టి వాళ్ళకు చెడ్డదాన్ని కావడం. నాకు "చేతుల పోలీసు" అని పేరు పెట్టారు. నేను వార్డులోకి వస్తుంటే చిన్న డాక్టర్లు మోగని ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి వెళ్ళిపోతారు. పెద్ద డాక్టర్లు వెళ్ళరు, నన్ను చూడనట్టు ఉంటారు. అప్పుడు నేనూ వాళ్ళను చూడనట్టు ఉంటాను. ధైర్యం విషయంలో నీ పోలిక నాకు రాలేదు.

నీ గొట్టం గురించి చెప్పాల్సింది ఉంది. దాని లోపలి కొస నీ గుండె వాకిట్లో ఉంటుంది. చర్మం మనకు ప్రహరీగోడ అయితే ఈ గొట్టం ఆ గోడకు మనమే కొట్టించుకున్న తలుపు. మూత తీసి ఉన్నంతసేపూ తలుపు తెరిచి ఉన్నట్టే. చేతి మీది క్రిమి అయినా, ఊపిరిలోంచి పడిన తుంపర అయినా అప్పుడు లోపలికి వెళ్ళిందంటే నేరుగా రక్తంలోకే. అందుకే అడుగుతున్నాను. కలిపే ముందు సిస్టర్ చేతులు కడుక్కుంటోందా? గొట్టం మూతిని మందుతో గట్టిగా రుద్ది, ఆరేదాకా ఆగుతోందా? మూతలు తీసేటప్పుడు ఆమెకే కాదు, నీకూ మాస్కు ఉంటోందా? నువ్వు తల అటువైపు తిప్పుకుంటున్నావా? మీద అతికించిన పట్టీ తడవకుండా చూసుకుంటున్నావా?

అన్నిటికీ జవాబు రాయి. తాతను అడిగినట్టు చెప్పు.

నీ ప్రత్యూష


పెనుకొండ,
జూన్ 24

చిరంజీవి ప్రత్యూషకు,

నీ ప్రశ్నపత్రం అందింది. ప్రశ్నపత్రాలు ఇవ్వడమే తప్ప రాయడం మరిచిపోయి చాలాకాలమైంది. తప్పులుంటే మన్నించు.

సుమయ్య చేతులు కడుక్కునే తీరుకు నేను నూటికి తొంభై ఎనిమిది వేశాను. రెండు మార్కులు తగ్గించింది కుళాయి మోచేత్తో కట్టేసినందుకు. అది మొరటుగా ఉంటుంది. అలాగే కట్టేయాలట, ఆమె వివరించింది. అయినా వేసిన మార్కులు దిద్దే అలవాటు నాకు లేదు. గొట్టం మూతిని రుద్దుతుంది, ఆరబెడుతుంది. పట్టీ తడవదు. స్నానం నడుము కిందనుంచే. తలస్నానం మానేసి జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. మాస్కు ఉంది.

నేను ఊరికే కూర్చోవడం లేదు. యూనిట్‌ను ఒక దారికి తెస్తున్నాను. పోతులయ్య పట్టీ అంచున గోక్కుంటుంటే పట్టుకున్నాను. "దురద పుడితే ఏం జెయ్యాల మేడం, నీ అనుమతి తీసుకోవాల్నా?" అన్నాడు. "తీసుకోవాలి" అన్నాను. ఇప్పుడు దురద పుట్టినప్పుడల్లా చెయ్యి ఎత్తి, "మేడం!" అంటాడు. గది అంతా నవ్వుతుంది. క్రమశిక్షణ అలా నవ్వుతోనే మొదలవుతుంది.

మొన్న డయాలసిస్ సగంలో ఒళ్ళు వణికింది. నెత్తి మీద ఫ్యాను. ఆపించి దుప్పటి కప్పించుకున్నాను. సుమయ్య జ్వరం చూస్తానంది, డాక్టరును పిలుస్తానంది. "ఫ్యాను గాలికి డాక్టరెందుకు?" అన్నాను. పాపం, మంచి పిల్ల, మారుమాట్లాడదు.

మీ అవ్వ


ధర్మవరం ఆసుపత్రి,
జూన్ 30

అమ్మా ప్రత్యూషా,

మీ అవ్వకు చెయ్యి ఎత్తనీకి శాతగాక, ఆయమ్మ చెప్తాంటే నేను రాస్తాండా. తప్పులు నావి, కోపం ఆయమ్మది.

వణుకు సంగతి చదివి నువ్వు ఫోన్లో అరిచినాక ఆ పొద్దే చేర్చినాము. చలిజ్వరం మళ్ళా వచ్చి మంచం గూడా ఊగిపాయ. రక్తం పరీక్షకు పంపినారు. క్రిమి రక్తంలోకే పోయిందంట. మందులు ఎక్కిస్తాండారు. ఇప్పుడు జ్వరం దిగింది. ఆయమ్మకు జ్వరం దిగిన సంగతి ఎట్ల తెలిసిందంటే, నేను రాసిన పై వాక్యాలు చదివించుకొని మూడు కొట్టేయమనింది. నేను కొట్టేయలే.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు: "ఈ తూరి గొట్టం నిలబెట్టినాం. మళ్ళా జ్వరమొస్తే తీసేయాల్సిందే. మెడలో ఎడమ పక్క నరం, మొదట కొద్దిరోజులకని పెట్టి తీసేసిన గొట్టంతోనే సన్నబడిపోయింది. ఇంక తొడలో పెట్టాల. ఆడ పెడితే ఇంకా తొందరగా చెడుతుంది. చేతిలో నరం పనికొచ్చేదాకా దీన్ని కాపాడుకోవాల." నాకు అర్థమైంది ఇంతే. ఆ గొట్టం ఉంటే మీ అవ్వ ఉంటాది.

ఇంక ఆయమ్మ చెప్పేది రాస్తాండా:

"యూనిట్ డాక్టరుగారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఇన్‌చార్జి సిస్టర్ చేతుల్లో ఏదో నిర్లక్ష్యం లేకుండా ఇలా జరగదు. నా శిష్యురాలైనా సరే, తప్పు తప్పే. న్యాయం ముఖం చూడదు."

ఆయమ్మ చెప్పింది అంతే. నాది ఒక మాట. ఆ పిల్ల నిన్న చేతులు కడుక్కుంటా ఏడుస్తా ఉండె. ఎవరికీ వినపడకూడదని కుళాయి తిప్పి పెట్టుకోనుండె.

మీ తాత,
తిమ్మయ్య


హిందూపురం,
జూలై 11

ప్రియమైన అవ్వకు,

నిన్న ధర్మవరంలో నీ మంచం పక్కన నిలబడి చెప్పాల్సిన మాటను ఇంటికి వచ్చి కాగితం మీద రాస్తున్నాను. రైల్లో హిందూపురం చేరేదాకా నన్ను నేను తిట్టుకున్నాను. ఎదురు సీటు ఆవిడ, "ఏంటికమ్మా, నీలో నువ్వే మాట్లాడుకుంటాండావు?" అని కూడా అడిగింది.

నేను సుమయ్య తప్పు పట్టుకోవడానికే వచ్చాను. నువ్వు ఫిర్యాదు ఇచ్చావు, తప్పు వెతకడం నా ఉద్యోగం, రెండూ కుదిరాయి. వాకిలి దగ్గర నిలబడి ఆమె చేతుల మీదనుంచి కన్ను తీయకుండా చూశాను. కడిగింది. బల్ల తుడిచింది. తనకు మాస్కు, గ్లౌజులు. గొట్టానికి మూత బిగిసిన మర చుట్టూ మందుతో రుద్దింది. తొందరపడకుండా ఆరనిచ్చింది. మా ఆసుపత్రిలో పాఠం చెప్పడానికి ఆమె చేతుల్ని వీడియో తీసుకోవాలనిపించింది.

తర్వాత నీకు మాస్కు ఇచ్చింది. నువ్వు పెట్టుకున్నావు, గడ్డం కింద. "మాస్కు ఉంది" అని రాశావు కదా, నిజమే. ఎక్కడుందో నేను అడగలేదు.

"టీచర్, మాస్కు కొంచెం పైకి..."

"ఊపిరాడదమ్మా. నువ్వు కానీ."

ఎర్ర మూత తీసింది. నువ్వు తల అటు తిప్పుకోవాలి. ఆమె వైపే తిప్పి, గొట్టం తెరిచిన మూతికి జానెడు దూరంలో నోరు పెట్టి, ఆమె ఎనిమిదో తరగతిలో బీజగణితం తప్పి ఏడ్చిన కథ మొత్తం వార్డుకు వినిపించావు.

"టీచర్, మీరు అటు..."

"నేను చెప్పేటప్పుడు మధ్యలో రావద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?"

ఆమె నోరు మూసుకుంది. గబగబా కలిపేసి నా వైపు ఒకసారి చూసింది. నేను ఇన్‌ఫెక్షన్ నివారణ నర్సును. జీతం తీసుకునేదే ఇలాంటిచోట నోరు తెరవడానికి. నేనేం చేశానో తెలుసా? గోడ మీద చేతులు కడుక్కునే విధానం బొమ్మ ఉంటే, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాను. ఎందుకంటే అక్కడున్నది నువ్వు. మన ఇంట్లో నీ మాటకు అడ్డం చెప్పినవాళ్ళు లేరు, నాయనతో సహా.

నీ మాటలవల్లే జ్వరం వచ్చిందని నేను రుజువు చేయలేను. నీ రక్తంలో దొరికిన క్రిమి మన చర్మం మీద, ముక్కుల్లో మామూలుగా ఉండేదే. ఎవరిదని దాన్ని అడగలేం. కానీ ఆ గదిలో నేను చూసిన తప్పు ఒక్కటే, అది సుమయ్య చేతుల్లో లేదు.

సోమవారం నీ ఫిర్యాదు మీద మాట్లాడి ఆమెను గొట్టాల పని నుంచి తప్పిస్తారట. తప్పిస్తే నీ గొట్టాన్ని అంత శుభ్రంగా ముట్టుకునే చేతులు నీకు మళ్ళీ దొరుకుతాయో లేదో. దొరికినా, నువ్వు ఆ చేతుల మీద కూడా మాట్లాడతావు.

కోప్పడు. కానీ చదువు.

నీ ప్రత్యూష


పెనుకొండ,
జూలై 13

ప్రత్యూషకు,

నీ ఉత్తరంలో అక్షరదోషాలు ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. "ఉద్యోగం"లో వత్తు జారిపోయింది. చేతిరాత బాగా దిగజారింది.

మాస్కు ఎలా పెట్టుకోవాలో నాకు తెలుసు.

కమలాక్షి

మీ తాత నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాడు. కారణం చెప్పలేదు.


పెనుకొండ,
జూలై 21

చిరంజీవి ప్రత్యూషకు,

ముందు ఒక సవరణ. వత్తు జారలేదు. నా కళ్ళద్దం జారింది. సరిగా రాసిన మాటను ఎర్రసిరాతో దిద్దిన మహాతల్లిని నేనే.

నీ ఉత్తరం వచ్చాక మీ తాతను అడిగాను, నేను ఎక్కువ మాట్లాడతానా అని. ఆయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, "నాకేం తెలుసునే? జవాబు చెప్పే సందు ఎప్పుడిచ్చినావు?" అన్నాడు. అన్నాక భయపడి అంగడికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళు ఆ మాటను లోపల అంత జాగ్రత్తగా దాచుకున్న మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

సోమవారం అందరికంటే ముందు డాక్టరుగారి గదికి వెళ్ళాను. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. సిస్టర్ చేతులు శుభ్రం. నా నోరే బాగాలేదు" అన్నాను. ఆయన నాకు జ్వరం మళ్ళీ వచ్చిందేమోనని చూశాడు. అంతా చెప్పాను. "మరి సిస్టర్ మీకు గట్టిగా చెప్పి ఉండాల్సింది కదా?" అన్నాడు. చెప్పకుండా ఉండటం నేర్పిందే నేను. బడిలో ఆ పిల్లకు లెక్కలు అంతంతమాత్రంగా వచ్చాయి. ఆ ఒక్క పాఠం మాత్రం బాగా వంటబట్టింది.

సుమయ్యను పిలిచి, డాక్టరు ముందే క్షమించమన్నాను. ఆ పిల్ల మళ్ళీ లేచి నిలబడి చేతులు కట్టుకుంది! ఇలా అయితే పని జరగదని అర్థమైంది. మంచం దగ్గరికి రాగానే, మూతలు ముట్టకముందే, "నన్ను నోరు మూసుకోమని చెప్పు" అన్నాను.

"నావల్ల కాదు టీచర్. మీరు అట్ల చూస్తే నేను ఎక్కాలు కూడా మర్చిపోతా."

"కళ్ళు మూసుకుంటాను. చెప్పు."

"టీచర్... దయచేసి..."

"దయచేసి వద్దు. దయ చేసేలోపు క్రిమి లోపలికి పోతుంది. మళ్ళీ."

"నోరు... మూసుకోండి టీచర్."

"వినబడలేదు. చివరి బెంచీకి వినబడాలి."

పోతులయ్య చెయ్యి ఎత్తాడు. "మేడం! చివరి బెంచీ నేనే. నాకు ఒక్క ముక్క వినపడలే."

పిల్లకు ఏమనిపించిందో, ఊపిరి పీల్చుకుంది. "టీచర్! నోర్ముయ్యండి! మాస్కు పైకి! తల అటు తిప్పండి!"

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా రక్తం ఉడికింది. పుట్టి బుద్ధెరిగాక నాకు అలా చెప్పినవాళ్ళు లేరు. ఆ తర్వాత మాస్కు ముక్కు మీదికి లాక్కుని గోడ వైపు తిరిగాను. ఆమె కడిగింది, రుద్దింది, ఆరనిచ్చింది, ఎర్ర మూత తీసింది. అన్నీ క్రమంగా జరుగుతుంటే నాకు ఎంతో ముచ్చటేసి, "భేష్" అన్నాను.

అంతే. గొట్టం బిగించేసింది, మూత పెట్టేసింది, గ్లౌజులు తీసి పారేసి మళ్ళీ మొదటినుంచీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది! మిషన్, నేను, మీ తాత అందరం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఇప్పుడు అక్కడ అదే నియమం. మూత తెరిచి ఉండగా ఎవరు మాట్లాడినా సిస్టర్ పని ఆపేసి మళ్ళీ మొదలుపెడుతుంది. రోగి అయినా, రోగి మొగుడైనా. మొన్న డాక్టరుగారే ఫోన్‌లో మాట్లాడుతూ, మాస్కు లేకుండా పోతులయ్య మంచం దాకా వచ్చేశాడు. సుమయ్య తల ఎత్తకుండానే, "సార్, మూత తెరిచి ఉండాది. బయట" అంది. సార్ వెళ్ళిపోయాడు.

నేను మెచ్చుకోలేదు. గోడ చూస్తూ ఉండిపోయాను.

మీ అవ్వ


హిందూపురం,
ఆగస్టు 2

ప్రియమైన అవ్వకు,

నీ ఉత్తరం మా ఐసీయూ సిస్టర్లకు చదివి వినిపించాను. నీ పేరు చెప్పలేదు. "మా ఊరి ఒక మొండి ఆవిడ" అన్నాను. వెంటనే, "మీ అవ్వేనా?" అని అడిగారు.

ఆ మరుసటి రోజు మా పెద్ద డాక్టరు ఒకాయన, తలకు టోపీ లేకుండా, గౌను వేసుకోకుండా, "తొందర్లో ఉన్నాను" అంటూ రోగి మెడలో నీకున్నలాంటి గొట్టమే పెట్టబోయాడు. మామూలుగా అయితే నేను గోడ మీద బొమ్మ వెతుక్కునేదాన్ని. నోట్లోంచి ఎలా వచ్చిందో, "సార్, ఆపండి" అన్నాను. ఆయన చూశాడు. సుమయ్య చెప్పింది నిజం, ఎక్కాలు మర్చిపోతాం. కానీ ఆయన ఆగాడు. టోపీ, మాస్కు, గౌను అన్నీ వేసుకుని, రోగిని నిండుగా గుడ్డతో కప్పి అప్పుడు పెట్టాడు. పోతూపోతూ, "ఇంకేమైనా ఉందా టీచర్?" అన్నాడు. వెటకారమే. నాకు మాత్రం పతకంలా ఉంది.

ఇంకొక్క సంగతి. మేం రోజూ ప్రతి మంచం దగ్గరా అడిగే ప్రశ్న ఇది: ఈ గొట్టం ఇంకా అవసరమా? ఎంత శుభ్రంగా చూసుకున్నా, అది ఉన్నన్ని రోజులూ ప్రమాదం ఉన్నట్టే. అవసరం తీరిన రోజే తీసెయ్యాలి. నీ చెయ్యి ఎలా ఉంది? ఫిస్టులా మీద వేళ్ళు పెడితే నెత్తురు గలగల పారడం తెలుస్తోందా? డాక్టరు ఏమన్నారు? పోయిన రెండు ఉత్తరాల్లో నువ్వు చేతి ఊసే ఎత్తలేదు. నువ్వు ఊసెత్తలేదంటే అక్కడ ఏదో ఉంది.

నీ ప్రత్యూష


పెనుకొండ,
ఆగస్టు 29

చిరంజీవి ప్రత్యూషకు,

జవాబు ఆలస్యమైంది. నువ్వు సరైన చోట వేలు పెట్టావు, అందుకు.

నీ ఉత్తరం రాకముందే డాక్టరు నా చెయ్యి చూసి నరం తయారైంది, సూదులు పెట్టవచ్చు అన్నాడు. "గొట్టం బాగానే పనిచేస్తోంది కదా, ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నాను. మరోసారి శుక్రవారం మంచిది కాదన్నాను. ఏ వారానికీ వర్జ్యం చూడని మనిషిని. ఇంకోసారి చెయ్యి నొప్పిగా ఉందన్నాను. ఆ సూదులు చూశావా నువ్వు? దబ్బనాలు! అంత లావువి, అవీ రెండు. సగం పెనుకొండను గడగడలాడించిన కమలాక్షి టీచర్ సూదికి భయపడుతోందని ఎవరికైనా ఎలా చెప్పను? అందుకని గొట్టం మీద ఎక్కడలేని ప్రేమ నటించాను. మీ తాతకు కూడా అనుమానం రాలేదు. వచ్చినా, నాకు చెప్పలేదు.

ఒకరోజు సుమయ్య మూతల పెట్టె తేలేదు. ఖాళీ చేతులతో వచ్చి నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. నిలబడలేదు, గమనించు. కూర్చుంది.

"ఇంకా ఎన్ని రోజులు దాటేస్తారు టీచర్?"

"ఏమి దాటేశాను?"

"ఈ గొట్టానికి మళ్ళా జ్వరమొస్తే తొడలో పెట్టాల. నేను ఎంత రుద్దినా, మీరు ఎంత గమ్మునున్నా, అది ఉన్నంతవరకూ భయమే. చెయ్యి చాపండి."

ఆ రెండు మాటలు బెత్తం పట్టుకుని నేను ఎంతమంది పిల్లలతో అన్నానో! అన్నప్పుడు వాళ్ళకు ఎలా ఉండేదో మొదటిసారి తెలిసింది. చాపాను. కళ్ళు మూసుకున్నాను. మొదటి సూది దిగినప్పుడు నేను చేసిన చప్పుడును పోతులయ్య ఇప్పటికీ వార్డంతా అభినయించి చూపిస్తున్నాడు. మేక అంటాడు. నేను ఒప్పుకోను.

నరం నిలబడింది. ఆ తర్వాత ప్రతిసారీ సూదులతోనే జరిగింది. నిన్న గొట్టం తీసేశారు. పడుకోబెట్టి, ఆ చోట మొద్దుబార్చి, "ఊపిరి బిగబట్టండి, కదలొద్దు, మాట్లాడొద్దు" అన్నాడు డాక్టరు. ఆ చివరి మాట ఆయన చెప్పనక్కరలేదు. ఏదో జారినట్టయింది, అంతే. సుమయ్య మెడ మీద గట్టిగా అదిమిపట్టి చాలాసేపు ఉంది. నెత్తురు ఆగాక పట్టీ వేసి నా మాస్కు తనే కిందికి దించింది.

"అయిపోయింది టీచర్. ఇంక మాట్లాడొచ్చు."

వార్డంతా నా వైపు చూసింది. మీ తాత రెండు చెవులూ మూసుకున్నాడు, నవ్వించడానికి. నోరు తెరిచాను. ఇన్నాళ్ళు గోడ చూస్తూ కూడబెట్టిన మాటలు ఎన్నో ఉన్నాయి, బయటికి వచ్చింది మాత్రం వాటిలో లేని మాట.

"భయమేసేదమ్మా" అన్నాను. "ఆ మూత తీసినప్పుడల్లా ప్రాణం ఆ గొట్టం కొసకు వచ్చి నిలబడినట్టుండేది. గమ్మునుంటే అది వినపడేది. అందుకే బీజగణితం, అందుకే నీ ఏడుపు కథ."

ప్రత్యూషా, నేను ఇంతకాలం ఆ పిల్ల నాకు భయపడి నోరు మూసుకుందనుకున్నాను. నువ్వూ అదే అనుకున్నావు. ఆమె నా దుప్పటి సర్దుతూ తల వంచుకునే చెప్పింది:

"తెలుసు టీచర్. మీరు మాట్లాడేటప్పుడు మీ చెయ్యి మంచం కమ్మీని ఎట్ల పట్టుకుంటాదో నేను చూసేదాన్ని. అందుకే మిమ్మల్ని ఆపలేకపోయినాను. అదీ తప్పే."

మీ అవ్వ,
కమలాక్షి